మన పొయ్యి ఉన్న చోటు

అమ్మా, జ్వరం తగ్గింది, డ్యూటీకి వెళ్తున్నాను, బెంగ పెట్టుకోకు.

చూసి రమ్మని రాశావని ఆదివారం మన పాత వీధికి వెళ్ళాను. మన ఇళ్ళు కూలగొట్టించి రోడ్డు వేయించిన ఆ మంత్రికి అక్కడే విగ్రహం పెట్టారు. ఎదురు వరసలో టైలరు కొట్టు ఒక్కటే మిగిలింది. దాని గుమ్మంలోంచి చూస్తే నీ పొయ్యి కనపడేది, గుర్తుందా? సరిగ్గా ఆ చోటే ఆయన చెయ్యెత్తి నిలబడ్డాడు.

దగ్గరికెళ్ళి చూద్దామని విగ్రహం గట్టు ఎక్కాను. నాకు తెలియకుండానే చెప్పులు కింద విడిచేశాను. నువ్వు నేర్పిన అలవాటు, ఏం చెయ్యను. అది చూసి కాపలా అతను, "నాయకుడంటే ఇంత భక్తి ఉన్నవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడమ్మా" అని మెచ్చుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆయన మొహానికి కాదయ్యా, ఇది మా అమ్మ వంటిల్లు" అన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఇంటికొచ్చినా నా కోపం చల్లారలేదు.

నా ఉన్ని దుప్పటి అన్నయ్యతో పంపించు. కుట్టుమిషను బెల్టు మార్పించావా? కంట్లో చుక్కలు మానెయ్యకు. వదినకు అడిగానని చెప్పు, పిల్లలకు ముద్దులు.

నాన్నకు దండాలు. ఆ మంత్రిని ఇంకా మహానుభావుడనే అంటున్నాడుగా, ఈ కార్డు నాన్నకి చదివి వినిపించు. చెప్పులతో వచ్చాడని నువ్వు నాన్నని ఏ వంటింట్లోంచి అన్నిసార్లు బయటికి తరిమావో, ఆ వంటింట్లోనే ఆ మహానుభావుడు బూట్లేసుకుని నిలబడ్డాడు.

నీ చిన్నది