కరెంటొచ్చిన పొద్దు

గజపతినగరం దగ్గర,
14-10-1968

పూజ్యురాలైన అమ్మకు,

కొడుకు నరసింగరావు నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమమని కిందటి రెండు ఉత్తరాల్లోనూ రాశాను. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. రాయగడలో నీ చేతుల మీదుగా చెల్లి చిన్నతల్లికి పురుడు సుఖంగా అయిందని, తల్లీబిడ్డా బాగున్నారని తెలిసి ప్రాణం కుదుటపడింది.

కిరసనాయిలు దొరుకుతోందా అని అడిగావు. పక్షానికో సీసా, అదీ పొద్దున్నుంచి వరసలో నిలబడితే. ఇంటికంతటికీ ఒక్క బుడ్డే. పొద్దుండగానే తినేస్తున్నాం. ఈ ఉత్తరం కూడా చీకటి పడేలోగా ముగించాలి.

వరి ఎలా ఉందని అడిగావు. నూతి కింద అరెకరం పొట్టమీద ఉంది, తక్కిందంతా ఎండిపోతే పశువులకు వదిలేశాం. మోటారుకు రోజుకు గంట కరెంటు ఇస్తామన్నారు. అది ఏ గంటో ఎవరూ చెప్పరు. లైను చూసే దాలయ్యను నిలదీస్తే, "నానేటి సేసేది బాబూ! డ్యాములో నీల్లు లేవంట, కరెంటెలాగొస్తాది?" అన్నాడు. వాన లేక అక్కడ కరెంటు లేదు, కరెంటు లేక ఇక్కడ నీళ్లు లేవు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మోటారు బిగించిన రోజు, అన్నాళ్లూ నీళ్లు తోడిన ఏతం మాను నేనే నరికించాను, గుర్తుందా? ఆ కట్టెలతోనే నువ్వు వీధి వీధంతటికీ పరవాన్నం వండావు. కడుపు బాగోలేదని నాన్న ముట్టలేదు. ఆయన కడుపుకేమీ కాలేదని నాకు ఇప్పుడు తెలిసింది.

నీ తమ్ముడు సోములు మావ పెరట్లోని తాటిమాను అడిగి తెచ్చి మళ్లీ ఏతం ఎత్తాం. కింద, మాను కొసన వేలాడే వెదురుగడ పట్టుకుని బాన నూతిలో ముంచడం నాకు వచ్చు, పైన మాను మీద నడవడం రాదు. మోటారుండగా అది నేర్చుకోవడమెందుకని ఎగతాళి చేసినవాణ్ణి కదా. అందుకని ఈ వయసులో నాన్నే ఎక్కాడు. నాలుగు రోజులు మాను మీద ముందుకీ వెనక్కీ నడుస్తూ, బానలు లెక్కపెట్టి పాడుతూ తొక్కాడు. మడి తడిసింది.

ఇక, నాన్న ఒక్క మాటైనా ఎందుకు రాయించడం లేదని అడిగావు. అమ్మా, నాన్న మంచం మీద ఉన్నాడు. ఐదో రోజు పొద్దున మాను మీంచి పడ్డాడు. తుంటి విరిగింది. విజయనగరం తీసుకెళ్లి చూపించాం. ఇక నడవడం కష్టమన్నారు. "సిన్నతల్లి పురుడయ్యేదాకా మీ అమ్మకి సెప్పకురా" అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

చూడవచ్చిన వాళ్లందరితో "కాలు జారిపోనాది" అంటున్నాడు. ముప్పయ్యేళ్లలో ఒక్కనాడూ జారని కాలది. "ముసిలోడివైపోనావు బావా, నీకెందుకీ పౌరుసం?" అని సోములు మావ మొహమ్మీదే అన్నాడు. నాన్న తలూపాడు. పక్కనే ఉన్న నేను మావకు మంచినీళ్లు అందించాను.

అమ్మా, నాన్న కాలు జారలేదు. నిండు బాన సగం పైకి వచ్చింది. నాన్న మాను మధ్యలో ఉన్నాడు. అప్పుడే మోటారు పాకలో బల్బు వెలిగింది. "కరెంటొచ్చింది!" అని అరిచి, గడ వదిలేసి స్విచ్చి దగ్గరకు పరిగెత్తాను. బాన ఊగి నూతి గోడకు కొట్టుకుంది, మాను అదిరిపోయింది. నాన్న పడిన చప్పుడు విన్నాను. విని కూడా ముందు స్విచ్చి వేసి, ఆ తర్వాతే వెనక్కి తిరిగాను. మోటారు రెండు బానల నీళ్లు పోసి ఆగిపోయింది.

ఇప్పుడు సోములు మావ గడ పడుతున్నాడు, నేను మాను మీద నడవడం నేర్చుకుంటున్నాను. నాన్న నూతి దగ్గర మంచం వేయించుకుని, "కిందకి సూడకు, ముందుకు సూడు" అంటున్నాడు. మడి సగమైనా దక్కుతుందో లేదో.

ఏ ఉత్తరమైనా డబ్బాలో వేసేముందు ఆయనకు చదివి వినిపించాలి కదా. ఇప్పుడే ఇదంతా చదివాను. స్విచ్చి వేసిన మాట దగ్గరకు వచ్చేసరికి నాన్న చెయ్యెత్తి ఆపాడు. "అది కొట్టీరా. మీ అమ్మకి నా కాలే జారిందని రాయి" అన్నాడు.

నేను కొట్టెయ్యలేదు.

ఇట్లు,
నీ కొడుకు
నరసింగరావు