ఒంటె వెనక కాళ్లు

సంతోషమ్మా, ఆసుపత్రి డ్యూటీ నుంచి రాగానే కోళ్లను గంప కింద మూయి. సంగటి ఉట్టిమీద పెట్టినాను, తిను. నీ బొంత కోసం ఇల్లంతా వెతకొద్దు. ఒంటెకు గూను కావాలంటే తీసుకుపోయినాను.

క్రిస్మస్ ఊరేగింపులో నేను ముగ్గురు జ్ఞానుల్లో ఒకడినని, తలపాగాకు నీ పెండ్లి చీర తీసి పెట్టినావు కదా. మళ్లీ పెట్టెలో పెట్టుకో. కమిటీ పెద్ద జయరావు, "నీ మొగం చూస్తే పసిబిడ్డలు దడుసుకుంటారప్పా, ఒంటెలో వెనక కాళ్లుగా ఉండు" అన్నాడు. తలా, ముందర కాళ్లూ మీ తమ్ముడు ప్రేమానందం. "బావా, నా నడుము పట్టుకో. నేను యాడికి పోతే ఆడికి రా" అని వాడు పదిమందిలో నవ్వినాడు. మన పెండ్లినాటి నుంచి వాడి వరస అదే.

పొద్దున వీధంతా చిమ్మింది నేను. గోనెసంచులు కుట్టి ఒంటెను చేసింది నేను. రోగులకు పంచే బన్నుల మూట కూడా ఒంటె కడుపులోనే అంట, అంటే నా మెడకే కడతారు.

ఊరేగింపు మన వాకిటికి వస్తే అందరికీ కాపీ ఇయ్యి. ఒంటె తలకు మాత్రం చక్కెర వేయొద్దు.

ఇంకో మాట. వెనక ఉండేవానికి చూసేదానికి బొక్కలు పెట్టలేదు. మన ఇల్లు వచ్చిందని నాకెట్లా తెలుస్తుంది? నువ్వు ఆ చీరే కట్టుకుని వాకిట్లో నిలబడి గట్టిగా దగ్గు. నీ దగ్గు నిద్రలో కూడా గుర్తుపడతాను. తోక నా చేతిలోనే ఉండాది. ఊపుతాను.