పాలగిన్నె మీది పసుపుపచ్చ డిస్కు

అమ్మా, మోకాలి నొప్పి తగ్గింది, ఇంకా డిస్కు గోల్ఫ్ పోటీలోనే ఉన్నాను, కంగారుపడకు.

ఇవాళ నాతో ఒక పెద్దాయన ఆడాడు. గడియారాలు బాగుచేసే మనిషి. చెట్ల నడుమ సన్నటి సందు, దాని చివర, పళ్లెంలాంటి డిస్కును విసిరి వెయ్యాల్సిన గొలుసుల బుట్ట. మేమంతా డ్రైవర్లనే వేగం డిస్కులు విసిరాం. నాది చెట్టుకు కొట్టుకుని చెరువులో పడింది. ఆయన మెల్లగా పోయే డిస్కు తీసి, గడియారానికి ముల్లు బిగించేంత జాగ్రత్తగా వదిలాడు. అది ఒక్క ఆకునైనా తాకకుండా వెళ్లి, నిద్రపోయిన పసిబిడ్డను పడుకోబెట్టినట్టు బుట్ట పక్కన వాలింది. పోటీ సంగతే మరిచి నిలబడిపోయాం.

"దూరం ఎవరైనా విసురుతారమ్మా. ఆగాల్సిన చోట ఆగాలి కదా," అన్నాడాయన.

కిందటేడు నువ్వు కొనిచ్చిన పసుపుపచ్చది అలాంటిదే. వేగం లేనిది తెచ్చావని విసుక్కుని వంటింట్లో పడేశాను. నువ్వేమో దాన్ని పాలగిన్నె మీద మూతగా పెట్టుకున్నావు. జిడ్డు పోయేలా కడిగి, ఈ కార్డు అందిన రోజే పార్సిల్ చెయ్యి. ఫైనల్ నెలాఖరున. గిన్నెకు వేరే మూత నేను తెస్తాను.

చెల్లి పరీక్షలు ఎలా రాసింది? నాన్న కళ్లజోడు మార్పించుకున్నారా? ఆయనకు నా నమస్కారం చెప్పు.

ఆ రోజు కొట్లో నువ్వు సరైనదే ఏరావమ్మా.

నీ పెద్దది