ఎర్రచీర ఆవిడ ఎవరి మనిషి?

రాజోలు,
గురువారం

శారదాంబ పిక్చర్ ప్యాలెస్ మేనేజరు కామేశ్వరరావుగారికి,

రాజోలు స్త్రీల సమాజం కార్యదర్శి, రిటైర్డు తెలుగు టీచరు దానమ్మ వందనములు. మీ హాలుకి ఫోన్ చేస్తే "టికెట్లున్నాయండీ" అనే గొంతు తప్ప రెండో మాట వినే మనిషి లేడు. అందుకే ఉత్తరం.

బస్టాండు గోడ మీద మీరు వేయించిన పోస్టరు చూశాను. పేరు "వేగుచుక్క". తెల్లబట్టల మనిషి రెండు చేతులూ చాచి నీళ్ళ మీద నిలబడ్డాడు. వెనకాల వెలుగు. కింద "చీకటిని జయించడానికి వస్తున్నాడు" అని రాసి ఉంది. మా విశ్వాసులకి వేగుచుక్క అంటే యేసుప్రభువేనని మీకు నేను చెప్పాలా? భక్తి సినిమా అనుకుని మా సమాజం ఆడవాళ్ళమంతా రెండు వ్యానుల్లో, పాటల పుస్తకాలు పట్టుకుని మరీ వచ్చాం.

సినిమా మొదలవుతూనే ఆ తెల్లబట్టలాయన నలుగురిని తన్నాడు. అవి ఆస్పత్రి కాంపౌండరు బట్టలట. ఆయన నీళ్ళ మీద నిలబడగానే మా వెనక వరసలో ఇద్దరు "స్తోత్రం" అన్నారు. అంతలో ఆయన కాళ్ళ కిందనుంచి జలాంతర్గామి లేచింది.

కాబట్టి పోస్టరు మీద "ఇది కొట్లాట సినిమా" అని పెద్దక్షరాలతో రాయించగలరు.

ఇట్లు,
దానమ్మ

తా.క.: తుపాకులు పేలుతున్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉన్నాను. చివర్లో ఒక కన్ను తెరిచేసరికి రైలు దిగిన ఎర్రచీర ఆవిడ ఆయన చేతిలో ఏదో పొట్లం పెట్టి వెళ్ళిపోతోంది. ఆవిడ మన మనిషా, శత్రువుల మనిషా? ఊరికే అడుగుతున్నాను. నిన్నంతా అదే ఆలోచన, కూర మాడింది.

*

రాజోలు,
శనివారం

గౌరవనీయులైన దానమ్మ టీచరుగారికి,

కామేశ్వరరావు నమస్కారాలండి. మీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డానండి. వేగు అంటే గూఢచారి కదండీ. వేగుల్లో చుక్కలాంటివాడని డైరెక్టరుగారి చమత్కారం. తెలుగు టీచరుగారికే తట్టని చమత్కారం రాజోలులో ఇంకెవరికి తడుతుందండి?

అసలే ఈ సినిమా టాకు రెండు ముక్కలైపోయిందండి. నేల టిక్కెట్టు వాళ్ళు అదిరిపోయిందంటున్నారు. బాల్కనీ వాళ్ళు తలనొప్పి అంటున్నారు. పి.గన్నవరం నుంచి వచ్చిన శరభయ్యగారు "కథలో తర్కం లేదయ్యా" అని ఇంటర్వెల్లో లేచిపోయేరు. వారి శ్రీమతిగారు లేవలేదండి. పాపం ఆయన సినిమా అయ్యేదాకా బయట కొబ్బరిబొండాల బండి దగ్గర కూర్చున్నారు.

ఇది కూడా పోతే హాలు పడగొట్టి కల్యాణమండపం కట్టేస్తానని మా యజమానిగారు కూర్చున్నారండి. ఈ కుర్చీలో నాకు జుట్టు నెరిసింది. పెళ్ళిళ్ళలో మైకు పట్టుకునే ఓపిక నాకు లేదండి. మీకు కలిగిన ఇబ్బందికి రెండు పాసులు జతచేస్తున్నాను.

తమ విధేయుడు,
కామేశ్వరరావు

తా.క.: ఎర్రచీర ఆవిడ మన మనిషేనండి. నాకు బాగా తెలుసు. ఆయ్.

*

రాజోలు,
మంగళవారం

మేనేజరుగారికి,

మీ తాజాకలం మా ఇంట్లో నిప్పు పెట్టింది.

మీ జవాబు సమాజం మీటింగులో చదివాను. "చూశారా, మన మనిషే. నేను అనుకుంటూనే ఉన్నాను" అన్నాను. మా ఆడపడుచు మెర్సీ లేచింది.

"మేనేజరు చెప్పేస్తే అయిపోయిందా వదినా? పొట్లం ఇచ్చేటప్పుడు దాని కళ్ళు చూసేవా? పాము కళ్ళు. శత్రువుల మనిషే!"

"నువ్వు కళ్ళు తెరిస్తే కదే, దాని కళ్ళు చూడ్డానికి?" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఇప్పుడు మా సమాజం రెండు చాపల మీద కూర్చుంటోంది. మన మనిషి అన్నవాళ్ళు సినిమా బాగుందంటున్నారు. శత్రువుల మనిషి అన్నవాళ్ళు దేశానికే చేటు అంటున్నారు. ఒకళ్ళు పాట ఎత్తుకుంటే రెండోవాళ్ళు అందుకోవడం లేదు. నేను కాపరానికి వచ్చిన నాటినుంచి మెర్సీ సాయంత్రమైతే మా అరుగు మీదే ఉండేది. మీటింగు రోజునుంచి ఇటు తొంగి చూడలేదు. వీధిలో చెప్పుల చప్పుడైతే చాలు, లేచి చూస్తున్నాను. మావారు సాలమోనుగారు చెల్లెలి దగ్గరికి వెళ్ళి "నువ్వన్నది నిజమే" అన్నారు. ఇంటికొచ్చి నాతో "నువ్వన్నదీ నిజమే" అన్నారు. రెండిళ్ళలోనూ ఆయనకి కాఫీ లేదు.

మీరు ఏ ఆధారంతో ఆవిడ మన మనిషి అన్నారో వెంటనే రాయండి.

దానమ్మ

తా.క.: పాసులు తిప్పి పంపిద్దామనుకున్నాను. విచారణ నిమిత్తం వాడవలసి వచ్చింది. ఎర్రచీర ఆవిడ పెదవి కదిపే సమయానికి కుర్రాళ్ళు ఈలలు వేశారు. ఆ ఒక్క నిమిషం ఆపమనండి. రేపు మళ్ళీ వస్తున్నాను.

*

రాజోలు,
శుక్రవారం

మహారాజశ్రీ దానమ్మ టీచరుగారికి,

తమరు రెండోసారి, మూడోసారి కూడా రావడంతో మా సినిమా మీద తమకి అభిమానం కలిగిందని గ్రహించి, సంతోషం పట్టలేక గేటు దగ్గర బోర్డు పెట్టించేనండి: "రాజోలు స్త్రీల సమాజం వారు మళ్ళీ మళ్ళీ చూస్తున్న చిత్రం!"

మర్నాడు మెర్సీగారు వచ్చేరండి. "మళ్ళీ మళ్ళీ చూసింది మా వదిన ఒక్కర్తీనండీ! మేం వ్యతిరేకం!" అని గేటు దగ్గర గట్టిగా అన్నారు. ఆడవారి మాట తోసెయ్యకూడదు కదండీ. ఎదురుగా ఇంకో బోర్డు పెట్టించేను: "రాజోలు స్త్రీల సమాజం వారు తీవ్రంగా వెతిరేకిస్తున్న చిత్రం!"

ఏం చెప్పమంటారండి! మొదటి బోర్డుకి హాలు సగం నిండింది. రెండో బోర్డుకి పూర్తిగా నిండింది. రావులపాలెం అరటి లారీల డ్రైవర్లు బళ్ళు వరసగా ఆపుకుని వస్తున్నారు. దిండిలో పడవల మీద విహరించేవాళ్ళు విహారం మానేసి వస్తున్నారు. సగంమంది మీ బోర్డు కింద, సగంమంది మెర్సీగారి బోర్డు కింద నిలబడి టీ తాగుతూ తిట్టుకుంటున్నారండి. యజమానిగారు మండపం మాట ఎత్తడం లేదు.

తమకి ఆజన్మాంతం రుణపడ్డ,
కామేశ్వరరావు

తా.క.: మీ పాస్టరు ఇమ్మానుయేలుగారు ఆ రెండు బోర్డుల మధ్య చాలాసేపు నిలబడ్డారండి. మజ్జిగ పంపించేను. తాగలేదు.

*

రాజోలు,
బుధవారం

కామేశ్వరరావుగారికి,

కూర్చుని చదవండి.

ఆదివారం ఆరాధన కాగానే పాస్టరుగారు నన్ను నిలబెట్టి, బోర్డుల సంగతి తేల్చి గురువారం సంఘపెద్దల ముందుకి రమ్మన్నారు. రాజీనామా రాశాను, చింపాను, మళ్ళీ రాశాను. కూర్చోలేను, నిలబడలేను. పదవి పోతే పోయింది. ఆ మాట చెప్పుకోవడానికి పక్కన మెర్సీ లేదే అన్నది నన్ను తినేసింది.

సోమవారం సాయంత్రం వీధి తలుపు దబదబ మోగింది. మెర్సీ! అమలాపురం బస్సు దిగి, ఇంటికైనా వెళ్ళకుండా, చేతిలో సంచితో.

"వదినా, నీతో మాట్లాడనన్నాను కదా, మాట్లాడను. కానీ ఇది చెప్పకపోతే చచ్చిపోతాను" అంది.

అమలాపురంలో వాళ్ళమ్మాయి జాయ్ అదే సినిమాకి తీసుకెళ్ళిందట. అక్కడ రైలు సీను తర్వాత ఇంకో సీను ఉందట! ఇద్దరం అప్పటికప్పుడు మీ హాలుకి వచ్చాం. మీరు భోజనానికి వెళ్ళారు. మీ ఆపరేటరు శ్యామ్ బాబుని గుమ్మంలో పట్టుకున్నాం.

"దిండి ఆఖరి బస్సు వెళ్ళిపోతందని జనం గోల పెడతన్నారండి. అందుకని ఆ చివరి ముక్క గెంతించేస్తన్నానండి. అయ్యగారికి తెలీదండి. ఆయన సినిమా చూడరు కదండీ" అన్నాడు.

చూడని సినిమాకి "నాకు బాగా తెలుసు" అని రాశారా మీరు! మిమ్మల్ని బెంచీ ఎక్కించాలి.

మర్నాడు పొద్దున్నే నేనూ మెర్సీ అమలాపురం వెళ్ళి ఆ ముక్క చూశాం. ఆవిడ మన మనిషి కాదండి. శత్రువుల మనిషీ కాదు. ఆ రైల్లో వచ్చిన ప్రయాణికురాలు. ఈయన మొహం చూసి, పాపం తిండి తిన్నట్టు లేడని పులిహోర పొట్లం ఇచ్చింది. ఆయన అది తిని, పంపు దగ్గర చెయ్యి కడుక్కున్నాడు. శుభం కార్డు.

ఇద్దరం కుర్చీల్లోంచి లేవలేదు. తిరుగు బస్సులో మెర్సీ "పులిహోర కోసమా వదినా మనం విడిపోయేం?" అంది. నాకు నవ్వు ఆగలేదు. తనకీ ఆగలేదు. కండక్టరు మా టిక్కెట్లు రెండుసార్లు అడిగాడు.

నవ్వు తగ్గాక మెర్సీ నెమ్మదిగా అంది: "మన రాజోలులో ఆడిందే బాగుంది వదినా."

నిజమేనండి. ఆ ముక్క చూస్తే సినిమాలో ఏమీ లేదు. చూడకపోతే ఎంతో ఉంది. బోర్డుల సంగతి మాట్లాడడానికి ఇవాళ ఇద్దరం కలిసే పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన గొంతు సవరించుకుని, "అది సరేనమ్మా, ఇంతకీ ఆ ఎర్రచీర ఆవిడ ఎవరు?" అన్నారు. నేను మెర్సీని చూశాను, మెర్సీ నన్ను చూసింది. "చూస్తేగానీ తేలదండి" అన్నాం.

రేపటి పెద్దల సమావేశం రద్దయింది. శనివారం మాట్నీకి సంఘపెద్దలందరితో వస్తున్నారు. మీకు చేతులెత్తి దండం పెడతాను, ఆ చివరి ముక్క మాత్రం వెయ్యకండి. బోర్డులు రెండూ ఉండనివ్వండి. "వెతిరేకిస్తున్న" కాదు, "వ్యతిరేకిస్తున్న". దిద్దించండి.

మీ శ్రేయోభిలాషి,
దానమ్మ

తా.క.: మెర్సీ ఇప్పుడు ఆవిడ మన మనిషే అంటోంది. పరాయివాడికి అన్నం పెట్టిన చెయ్యి శత్రువుదెలా అవుతుందంటుంది. నాకు మాత్రం అనుమానంగా ఉంది. ముక్కూ మొహం తెలియని మగాడికి ఊరికే పులిహోర ఎవరు పెడతారండి? సాయంత్రం అరుగు మీద తేల్చుకుంటాం.