తంగేడు చెక్క, నీలం లైటు

తెనాలి,
జూలై 8.

నాన్నా,

ఫోన్లో చెబుదామంటే నాలుగో మాటకే ఏడుపొచ్చేస్తుంది. అందుకే కాగితం తీశాను.

నా థీసిస్ సంగతి నీకు తెలుసుగా. పంటి మీది గట్టి పొర కింద డెంటిన్ ఉంటుంది. అందులోని పీచును ఎంజైములు మెల్లగా తినేస్తుంటే మేం పెట్టిన ఫిల్లింగులు ఊడిపోతాయి. ఆ పీచుకి బి-టూ విటమిన్ నీళ్ళు పట్టించి నీలం లైటు వేస్తే, పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుస్తాయి. ఇక ఎంజైము దాన్ని తినలేదు. పుస్తకాల్లో అలా ఉంది. నేను మాత్రం బాపట్ల క్లినిక్‌లో పీకేసిన పళ్ళు తెచ్చుకుని, ముక్కలు కోసి, యాసిడ్‌లో సున్నం కరిగించి, విటమిన్ పట్టించి లైటు వేసి ఎంజైములో పెడితే మూడో రోజుకి అంతా గంజి! మూడుసార్లూ అంతే. నెలాఖరుకి ఫలితం రాకపోతే టాపిక్ మార్చుకోమన్నారు మా గైడు సింధు మేడమ్. రెండేళ్ళ కష్టం, నాన్నా.

అసలు బాధ వేరే ఉంది. మీ తాతగారు ఏం చేసేవారని మేడమ్ అడిగితే టీచరన్నాను. తోళ్ళు పదును చేసేవాడని చెప్పడానికి నోరు రాలేదు. అప్పట్నుంచి అన్నం సయించడం లేదు. నన్ను తిట్టు.

నీ హెప్సిబా

రేపల్లె,
జూలై 12.

హెప్సీ తల్లీ,

నీ ఉత్తరం చదివి మీ అమ్మ పడీపడీ నవ్వింది. పెళ్ళిచూపుల్లో నేను ఇంతకంటే పెద్ద అబద్ధమే ఆడాను మరి. మా నాన్నకి చెప్పుల షాపుందన్నాను! పక్కనే కూర్చున్న మీ తాత బర్నబాస్, "ఏ ఊళ్ళోరా?" అన్నాడు. తిట్టే అర్హత నాకెక్కడిది?

ఇక పని మాట. నీ ముక్కల్ని అడ్డంగా కోసి చూశావా? చిన్నప్పుడు మీ తాత నాచేత లంద తొట్టిలో ఊరే తోలు తీయించి, అంచు కోయించేవాడు. మధ్యలో తెల్లచార కనిపించిందా, లోపల పచ్చిగా ఉన్నట్టే, కుళ్ళిపోతుంది. తొందరపడి మొదటే చిక్కటి తంగేడు చెక్క నీళ్ళలో వేస్తే పైన బిగుసుకుపోయి లోపలికి ఎక్కదు. "తాగనివ్వరా, దాన్ని తాగనివ్వు" అని కసిరేవాడు. ముందు పల్చటి నీళ్ళు, అదీ రోజుల తరబడి. పంటి పీచూ తోలు పీచూ ఒకటో కాదో లెక్కల మాస్టారిని నాకేం తెలుసు? నువ్వెంతసేపు తాగనిచ్చావు?

మీ నాన్న లాజరు

తెనాలి,
జూలై 29.

నాన్నా, నాన్నా!

ఒక్క నిమిషం! అంతే తాగనిచ్చాను! కోసి చూస్తే పైపైన విటమిన్ పసుపు, మధ్యలో తెల్లచార. నేను వేసిన కేకకి పక్క టేబుల్ దగ్గరున్న క్లాస్‌మేట్ డేనియల్ బీకరు పగలగొట్టాడు. రెండూ ఒకటే పీచు, నాన్నా. కొల్లాజెన్. ఈసారి చీకట్లో గంటలకొద్దీ నానబెట్టి, రెండువైపులా లైటు వేశాను. వారమైనా నిక్షేపంగా ఉన్నాయి. లైటు వేయనివి కరిగిపోయాయి. ఎంత ఆనందంగా ఉందో!

"ఈ కిటుకు ఎవరు చెప్పారమ్మా?" అన్నారు మేడమ్. ల్యాబ్‌లో అందరూ ఉన్నారు. అయినా చెప్పేశాను. "మా తాతదండి. తోళ్ళు పదును చేసేవాడు. టీచరని మీకు అబద్ధం చెప్పాను."

"అబద్ధమేంటి? నాకు తట్టనిది నీకు నేర్పాడుగా" అన్నారు మేడమ్.

శనివారం పొద్దున రేపల్లె రైలెక్కి వచ్చెయ్. లంద పాఠం మా క్లాసుకి నువ్వే చెప్పాలట. అమ్మనీ తీసుకురా, ముందు బెంచీలో ఇద్దరం కూర్చుంటాం.

బర్నబాస్ మనవరాలు,
హెప్సిబా