నల్ల ఉన్ని దొరకని రోజు

కొత్తకోట, మంగళవారం రాత్రి

పొద్దున్నే బస్సెక్కి గట్టు ఊరికి పోయాను, గొర్రెలు కాసే మల్లయ్య దగ్గర ఏటా కొనే నల్ల ఉన్ని కోసం. మందంతా తిరిగి చూశాను. ఒక్క నల్ల గొర్రె లేదు. అన్నీ ఉన్ని రాని మాంసం గొర్రెలే.

"నల్లయి అమ్మేసిన బిడ్డా. ఉన్నికి నువ్వొక్కదానివే వస్తవు, మాంసానికి ఊరంత వస్తది. నేనేం జేయాలె?" అన్నాడు మల్లయ్య.

ఆయన్ని తప్పు పట్టలేకపోయాను. వాళ్లావిడ ఇచ్చిన చాయ్ తాగి తిరిగొచ్చాను.

నాతోపాటు స్వెటర్లు అల్లే సావిత్రి సాయంత్రం వచ్చి ఖాళీ సంచి చూసింది. "పరేషాన్ గాకు అక్కా. బజార్ల ప్లాస్టిక్ ఊలు తెచ్చి అల్లుదం. ఎవరికి తెలుస్తది?" అంది. నిజమే, ఎవరికీ తెలియదు. అయినా, చిరిగాక మట్టిలో కలవని ఆ దారాన్ని నా చేత్తో అల్లలేను. కానీ పని లేకపోతే సావిత్రి ఏం చేస్తుంది...

దవాఖానలో రాత్రి డ్యూటీ చేసే నర్సుకు ఈ వారమే స్వెటర్ ఇస్తానన్నాను. చలి ముదిరింది. ఏం చేయాలో తోచక, మల్లయ్య నల్ల ఉన్నితోనే ఎప్పుడో అల్లుకుని నేను తొడుక్కున్న స్వెటరే తీసి విప్పడం మొదలుపెట్టాను. ఇన్నేళ్లు వాడినా పోగు తెగకుండా వచ్చింది.

సావిత్రి ఉండ చుడుతూ, "ఇంక గట్టిగనే ఉంది గదక్కా!" అని మురిసిపోయింది.

నర్సుకు ఇది సరిపోతుంది. ఆ తర్వాత ఎవరైనా అడిగితే విప్పడానికి నా ఒంటి మీద ఇంకో స్వెటర్ లేదు.