చాటెడు తవుడు

దేవరయాంజాల్,
బుధవారం.

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి తేజస్వికి,

చిన్నమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ నాయిన, గేటు ముందు పడుకునే ఆ కుంటి కుక్క అందరం బాగున్నాం. నువ్వు, అల్లుడు సాయినాథ్, నీ కడుపులోని చిన్న ప్రాణం చల్లగా ఉండాలని మన సీతారామస్వామికి రోజూ మొక్కుతున్నాను. ఉత్తరం మొదట్లో అందరం బాగున్నామని రాయాలి కాబట్టి రాశాను. ఎంత బాగున్నామో మొత్తం చదివాక నువ్వే చెబుదువు.

నీ ఉత్తరం శనివారం అందింది. కెనడా కవరు అనగానే మీ నాయిన వీసా వచ్చిందనుకొని చొక్కా తొడుక్కున్నాడు. ఇంట్లో కూర్చొని చొక్కా ఎందుకయ్యా అంటే, "గంత మంచి ముచ్చట బనీను మీద ఇంటరా?" అన్నాడు. కవరు మీద నీ చేతిరాత, నా పేరు చూసి మళ్లీ విప్పి కొక్కేనికి తగిలించాడు. నేను దాన్ని వంటింట్లోకి పట్టుకుపోయి చదువుకున్నాను. ఫోన్లో అయితే నాయిన పక్కనే ఉంటాడని, నేను మాట మార్చేస్తానని, అందుకే కాగితం మీద అడుగుతున్నానని రాశావు. నిజమే తల్లీ, మాట మార్చడంలో నన్ను మించినవాళ్లు ఈ మండలంలో లేరు. చూడు, ఇప్పుడు కూడా ముందు సులువైన ప్రశ్నలకే జవాబు రాస్తున్నాను.

నాయిన దగ్గు తగ్గింది. జీడిమెట్లలో అన్నేళ్లు మందుల ఘాటు పీల్చిన ఛాతీ కదా అని భయపడ్డాం గానీ, వీసా కోసం తీసిన ఎక్స్‌రే శుభ్రంగా ఉందన్నారు. ఇంకా ఆలస్యమైతే ఆ మెడికల్‌కు గడువు తీరిపోయి మళ్లీ చేయించుకోవాలట. "నా బొక్కలను ఎన్నిసార్లు సూస్తరు, ఏమన్న సినిమానా?" అని గొణుగుతున్నాడు.

నేను వచ్చేస్తే అంగన్‌వాడీ ఎవరు చూస్తారని అడిగావు. ప్రియాంక అని కొత్తమ్మాయిని వేశారు. పిల్లల బరువు తూచడం వచ్చింది, ఏడిపించకుండా తూచడం ఇంకా రాలేదు. నేర్చుకుంటుందిలే. పెట్టెలు సర్దావా అనీ అడిగావు. ఎప్పుడో సర్దాను. నీ బాలింత పథ్యానికి కట్టిపెట్టిన వాముకు పురుగు పట్టి, ఎండబోసి, పనికిరాక మళ్లీ కొత్తది కొన్నాను. నువ్వు పంపిన చలికోటు మీ నాయిన మొన్న మిట్టమధ్యాహ్నం వేసుకొని చూసి, చెమటలు కక్కుతూ, "గిది ఏసుకున్నంక గా దేశం ఎంత సల్లగుంటే మనకేంది?" అన్నాడు. ఆయనకు నీ దగ్గరికి రావడమంటే అంత ఆశ.

నిన్న మధ్యాహ్నం ఫోన్ చేసి నీ నిద్ర చెడగొట్టానని, "తిన్నావా" అని ఒక్క మాట అడిగి పెట్టేశానని సాయినాథ్ నాయినకు మెసేజ్ పెట్టాడట. "అత్తమ్మకు ఒంట్లో బాగనే ఉందా మామయ్యా?" అని. బాగానే ఉంది. ఎందుకు చేశానో చివర్లో రాస్తాను.

ఇక మిగిలింది ఒక్కటే ప్రశ్న. నీ మాటలు నీకే రాస్తున్నాను చూడు. "నాయిన డీఎన్ఏ శాంపిల్ ఒక్కటే అందిందని ల్యాబ్ వాళ్లు చెప్పిండ్రు చిన్నమ్మా. నువ్వెందుకు ఇయ్యలే? నేను నీకు పుట్టలేదా? రుక్కమ్మ అమ్మనే నన్ను కన్నదా? అట్లయితే చెప్పు, తట్టుకుంట. చెప్పకుంటె మాత్రం తట్టుకోలేను."

అయ్యో నా తల్లీ! ఆ మాట రాసేటప్పుడు నీ కడుపులో పిల్ల ఎంత కదిలిందో ఏమో. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

ల్యాబులో మిషన్ ఖరాబైందని నీకు చెప్పాను కదా, అది అబద్ధం. మిషన్‌కేం రోగం లేదు. ఆ రోజు ముందు మీ నాయినను కూర్చోబెట్టారు. ఆయన సబ్బునీళ్లు పుక్కిలించినవాడిలా మొహం పెట్టి ఇచ్చేసి చాయ్ తాగడానికి బయటికి పోయాడు. తర్వాత నన్ను కూర్చోబెట్టారు. ల్యాబు పిల్ల చివర దూది చుట్టిన పుల్ల పట్టుకొని, "నోరు తెరవండమ్మా, మీ బిడ్డేనని రుజువు కోసమే కదా, నొప్పేం ఉండదు" అంది. నేను నోరు గట్టిగా మూసుకున్నాను. లేచి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వచ్చేశాను. మీ నాయిన అడిగితే అయిపోయిందన్నాను. ఆయన నమ్మాడు. నిన్ను కూడా నమ్మించాలని చూశాను. వీసా ఆఫీసు వాళ్లు ఆలస్యం చేస్తున్నారని చుట్టాలందరి ముందు వాళ్లను తిట్టాను కూడా. ఈ విడత ఆలస్యం వాళ్లది కాదు తేజూ, నాది.

ఎందుకో విను. నీకంటే ముందు నాకు ఇద్దరు పుట్టారు. ఇద్దరూ పురుడు గడవకముందే పోయారు. ఇది నీకు తెలుసు. నువ్వు పుట్టినప్పుడు మా అత్త, అంటే మీ నాయినమ్మ, నన్ను చూడనివ్వకుండానే నిన్ను పాత గుడ్డలో చుట్టి ఇంటెనక పెంటకుప్ప మీద పెట్టింది. పెంట మీద పారేసిన పిల్లను చావు కూడా ముట్టదని మనవాళ్ల నమ్మకం. పక్కింటి రుక్కమ్మ దారినపోయేదానిలా వచ్చి నిన్ను ఎత్తుకుంది. చాటెడు తవుడు తెచ్చి నా ఒళ్లో పోసి, "బిడ్డను నేను కొన్న. ఇగ ఇది నాది. పాలిచ్చేటందుకు నిన్ను కుదుర్చుకుంటున్న" అంది. అలా నా పిల్లకు నేనే కూలికి పాలిచ్చాను. నిన్ను పెంట మీద కొన్నామని మేమందరం నవ్వుతూ అంటే ఊరికే ఆటపట్టిస్తున్నామనుకునేదానివి కదూ? అది ఆట కాదు.

తవుడు ఒళ్లో పడ్డప్పుడు నేను దేవుడికి ఒక మాట ఇచ్చాను. ఈ పిల్ల బతికితే చాలు, నాదని ఈ నోటితో ఎప్పుడూ అననని. అందుకే నీకు ఆమె అమ్మ, నేను చిన్నమ్మ. బడిలో వేసేటప్పుడు సారు తల్లి పేరు అడిగితే, పక్కనే ఉన్న రుక్కమ్మను చూపించి ఆమె పేరే చెప్పాను. అది పదో తరగతి మెమో దాకా పాకింది. నీ పాస్‌పోర్టులో మీ నాయిన రాయించిన నా పేరు, మెమోలో ఆమె పేరు. వీసా ఆఫీసు వాళ్లు ఇద్దరు తల్లులను చూసి రుజువు అడగక ఏం చేస్తారు? మేడ్చల్‌లో నోటరీ ఆయనైతే మీ నాయినను పక్కకు పిలిచి, మొదటి పెళ్లి ఎప్పుడైంది, రెండోది ఎప్పుడైంది అని అడిగాడు.

నువ్వు నవ్వుతావు, తెలుసు. పొద్దున అంగన్‌వాడీలో తల్లులకు దిష్టీ గిష్టీ నమ్మొద్దు, టీకాలు వేయించండి అని పాఠాలు చెప్పే దుర్గాబాయి టీచర్ ఇంత పిరికిదా అని. అవును, పిరికిదాన్నే. ఊరందరి పిల్లల విషయంలో నాకు బుద్ధి ఉంది, నీ విషయంలో లేదు. నువ్వు ఏడో నెల కడుపుతో ఉన్నావు. ఇన్నేళ్లు ఏ మాట దాచి నిన్ను బతికించుకున్నానో, ఆ మాటే ఇప్పుడు సంతకం పెట్టి చెప్పమంటే నా చెయ్యి రాలేదు. రుజువు ఇవ్వకపోతే ఈ నెలాఖరుకు ఫైలు మూసేస్తారని, మళ్లీ మొదటి నుంచి వరుసలో నిలబడాలని, పురుటికి నీ పక్కన మనిషి ఉండదని తెలుసు. అయినా, నేను రాకపోతే ఏడుస్తుంది, బతికి ఏడుస్తుంది కదా అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక గానీ అర్థం కాలేదు, నిన్ను తల్లి లేనిదాన్ని చేస్తున్నానని.

ఆదివారం జవహర్‌నగర్‌లో రుక్కమ్మ కొడుకింటికి పోయాను. ఆటో దిగగానే చెత్త డంపు వాసన. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని లోపలికి పోతే ఆమె పకపకా నవ్వింది. "కొంగు దియ్యవే! పిల్లను పెంట మీద పెట్టిన ఇంటిదానివి, నీకు వాసనేంది?"

"అక్కా, నీ బిడ్డ కోసం వచ్చిన" అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. "నా బిడ్డనా? గది ఆడ కడుపుతోటి నీకోసం ఎదురుసూస్తాంది. ఇంకెప్పటిదాక నా బిడ్డంటవే?"

అన్నీ చెప్పాను. తాను కనలేదని ఆమె కూడా సంతకం పెట్టాలని చెప్పాను. వెంటనే సరేనంటుందనుకున్నాను. ఆమె మంచం పట్టెను గట్టిగా పట్టుకుంది. "నాకు గూడ భయమైతాంది దుర్గా. నేను కాదని రాసిస్తె, ఆడ దానికేమన్న అయితె?" అంది. ఇద్దరు ముసలివాళ్లం ఎదురెదురుగా కూర్చొని ఒకే భయాన్ని చూసుకుంటూ ఉండిపోయాం. ఏడ్చాను తేజూ, సిగ్గులేకుండా ఏడ్చాను.

చివరికి ఆమే లేచింది. "కొన్నదాన్ని మళ్ల అమ్మరాదని యాడనన్న ఉన్నదా? నా తవుడు నాకియ్యి, నీ బిడ్డను నువ్వు తీస్కపో" అంది. ఇళ్లలో ఇప్పుడు తవుడు ఎవరు ఉంచుకుంటున్నారు? చాట చేత పట్టుకొని ఇద్దరం ఆ గల్లీలన్నీ తిరిగి, చివరి సందులో బర్ల కొట్టం చూసి, అక్కడ బాలమల్లు అనే ఆయనను బతిమాలితే చాటెడు పోశాడు. రుక్కమ్మ అక్కడే, పేడ మధ్యలో నిలబడి కొంగు పట్టింది. నేను పోశాను. "ముట్టింది. ఇగ నీ బిడ్డ నీదే" అంది. కొంగులోని తవుడు బర్రె ముందు దులిపేసి, మొహం అటు తిప్పుకునే అడిగింది. "కాగితంల రాసిస్తగని, అమ్మా అని పిలుసుడు మాత్రం బంద్ జెయ్యమనకే." ఆ మాటకు జవాబు నువ్వే ఇవ్వాలి. నేనైతే మాట ఇచ్చేశాను.

సోమవారం మేడ్చల్‌లో ఇద్దరం సంతకాలు పెట్టాం. అటు నుంచి అటే ల్యాబుకు. రుక్కమ్మ నా పక్కనే కూర్చొని నా చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల నన్ను గుర్తుపట్టి, మళ్లీ పారిపోతానేమోనని తలుపు వైపు చూసింది. నోరు తెరిచాను. బుగ్గ లోపల రెండు వైపులా రుద్ది, పుల్లను కవర్లో పెట్టేసింది. ఇన్నాళ్లు నేను పారిపోయింది అంతమాత్రానికే. శాంపిల్ పంపినట్టు ఇచ్చిన రసీదు, సంతకాల కాగితాలు ఈ ఉత్తరంతోనే రేపు కొరియర్ చేస్తున్నాను. నాయినకు కూడా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. "తవుడు గావాలంటే నాతోటి చెప్పకపోయినవా, బస్తా తెత్తును" అన్నాడు.

గడువు లోపల ఫలితం చేరుతుందో, ఫైలు కదులుతుందో, నీ పురుటికి అందుకుంటామో లేదో నాకు తెలియదు. భయంగానే ఉంది. కానీ ఇక వాళ్లు ఎంత ఆలస్యం చేసినా అది వాళ్లదే. నా ఆలస్యం అయిపోయింది.

నిన్నటి ఫోన్ సంగతి రాస్తానన్నాను కదా. తవుడు తిరిగిచ్చాను, పుల్ల మీద ఉమ్మి ఇచ్చాను, సంతకం పెట్టాను. కానీ ఆ మాట నోటితో ఇంకా అనలేదు. నిన్న మధ్యాహ్నం నాయిన శామీర్‌పేటకు పోయినప్పుడు, తలుపు దగ్గరికి వేసి, గోడకున్న నీ పెళ్లి ఫోటో ముందు నిలబడి పైకే అన్నాను. తేజస్వి నా బిడ్డ, నేనే కన్నాను అని. అన్నానో లేదో నీకేమైనా అయిందేమోనని భయం పట్టుకుంది. అక్కడ నీకు అర్ధరాత్రి అన్నది కూడా తోచలేదు, ఫోన్ తీసి నీకు చేశాను. రింగు పోతూ ఉంది, నువ్వు ఎత్తలేదు. ఆ కాసేపట్లో నేను చచ్చి బతికాను. తర్వాత నిద్రగొంతుతో "ఏంది చిన్నమ్మా?" అన్నావు. ఏం అడగాలో తెలియక తిన్నావా అన్నాను. తిన్నానన్నావు. నేను ఆ మాట అన్నాక కూడా నువ్వు బతికే ఉన్నావు, విసుక్కుంటున్నావు కూడా. నాకు అంతకంటే ఏం కావాలి? ఫోన్ పెట్టేసి గోడకు ఆనుకొని కూర్చొని తనివితీరా ఏడ్చాను.

ఈ ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి. నన్ను ఒక్కసారి అమ్మా అని పిలువు. నీకూ భయమైతే వద్దులే. కాదు కాదు, పిలువు. నేను వింటాను, నా బిడ్డా.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ,
దుర్గాబాయి